మధ్యపొరను మందం చేస్తే దక్షత పెరగదు: ఆర్గానిక్ సౌర ఘటంలో నష్టం ఎక్కడ జరుగుతుందో ముందు తేల్చుకోవాలి

చదివే మిగతావారికి సందర్భం తెలియడానికి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. హనుమకొండలోని మీ ప్రయోగశాలలో గాజు పలక మీది ఐటీఓ (విద్యుత్తును మోసే పారదర్శక ఆక్సైడ్ పూత) పై పెడాట్-పీఎస్ఎస్ (ధనావేశాలను తీసుకెళ్లే పాలిమర్ పొర), దానిపై కాంతిని గ్రహించే పీఎం6 (ఎలక్ట్రాన్లను ఇచ్చే దాత పాలిమర్), వై6 (వాటిని తీసుకునే గ్రహీత అణువు) మిశ్రమం, ఆ మిశ్రమంపై పీఎఫ్ఎన్-బీఆర్ అనే పాలిమర్ మధ్యపొర, అన్నిటికంటే పైన వెండి ఎలక్ట్రోడ్ వేసి ఆర్గానిక్ సౌర ఘటాలు, అంటే సిలికాన్‌కు బదులు కార్బన్ ఆధారిత పదార్థాలతో చేసే ఘటాలు, తయారు చేస్తున్నారు. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (కరెంట్ తీయనప్పటి వోల్టేజ్) 0.81 వోల్టులు, షార్ట్ సర్క్యూట్ కరెంట్ (వోల్టేజ్ సున్నా వద్ద వచ్చే కరెంట్) చదరపు సెంటీమీటరుకు 24.6 మిల్లీ ఆంపియర్లు, ఫిల్ ఫ్యాక్టర్ (ఆ రెండింటి గుణకారంలో నిజంగా చేతికొచ్చే భాగం) 57 శాతం వస్తున్నాయి. కరెంట్-వోల్టేజ్ వక్రరేఖ చివరికొచ్చేసరికి ఎస్ అక్షరంలా వంగుతోంది. పొర సరిగా పరుచుకోలేదేమోనని పీఎఫ్ఎన్-బీఆర్ గాఢతను మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములకు పెంచితే ఆ వంపు ఇంకా ఎక్కువైంది. వానలు మొదలైనప్పటి నుంచి ఒకే రోజు చేసిన ఘటాల మధ్య కూడా పొంతన కుదరడం లేదు. పీఎం6, వై6 మిశ్రమాన్నే మార్చాలా, లేక ఎలక్ట్రాన్లు ఐటీఓ వైపు చేరేలా నిర్మాణాన్ని తలకిందులు చేసి పీఈఐఈ అనే అమీన్ పాలిమర్ పొరకు మారాలా అని అడిగారు.

ఇప్పటికి రెండూ వద్దు. మీరు ఇచ్చిన మూడు అంకెలను గుణించి చూస్తే కారణం తెలుస్తుంది. 0.81ని 24.6తో, దాన్ని 0.57తో గుణిస్తే దక్షత సుమారు 11.4 శాతం. వోల్టేజ్, కరెంట్ అలాగే ఉండి ఫిల్ ఫ్యాక్టర్ ఒక్కటే 74కు వస్తే అది 14.7 శాతం అవుతుంది. 2019లో ఈ జంట మొదటిసారి వెలుగులోకి వచ్చినప్పుడు వచ్చిన దక్షత 15.7 శాతం, అప్పటి వోల్టేజ్ 0.83, కరెంట్ 25.3, ఫిల్ ఫ్యాక్టర్ 74.8. అంటే మీ మిశ్రమం కాంతిని బాగానే గ్రహిస్తోంది, ఆవేశాలను బాగానే విడదీస్తోంది. పోతున్నదంతా ఆ ఆవేశాలు ఎలక్ట్రోడ్‌లోకి దాటేచోటే పోతోంది. మిశ్రమాన్ని మారిస్తే బాగున్న భాగాన్ని పాడుచేసుకుని, పాడైన భాగాన్ని అలాగే వదిలేసినట్లవుతుంది.

ఎలక్ట్రోడ్ దగ్గర ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మధ్యపొరను ఒక అదనపు పూతగా భావించడం వల్లనే గాఢత పెంచాలన్న ఆలోచన వస్తుంది. ఆర్గానిక్ పదార్థంపై కాంతి పడగానే విడి ఎలక్ట్రాన్ పుట్టదు. ఎలక్ట్రాన్, రంధ్రం (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ, ధనావేశంలా నడిచేది) ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న ఎక్సైటాన్ పుడుతుంది, అది సుమారు 10 నానోమీటర్ల దూరం తిరిగేలోగా దాతకూ గ్రహీతకూ మధ్య ఉన్న సరిహద్దును చేరితేనే విడిపోతుంది. 1995లో దాత, గ్రహీత పదార్థాలను ఒకే ద్రావణంలో కలిపి ఒకే పొరగా వేసే పద్ధతి వచ్చింది ఇందుకే. విడిపోయిన తరువాత రంధ్రం పీఎం6 గుండా ఐటీఓ వైపు, ఎలక్ట్రాన్ వై6 గుండా వెండి వైపు ప్రయాణించాలి. వై6లో ఎలక్ట్రాన్లు ఉండే శక్తిస్థాయి శూన్యం నుంచి సుమారు 4.1 ఎలక్ట్రాన్ వోల్టుల లోతున ఉంటుంది. వెండి పని ప్రమేయం, అంటే వర్క్ ఫంక్షన్ (లోహం నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావాల్సిన శక్తి), అంతకంటే ఎక్కువ. ఉపరితలాన్ని బట్టి అది 4.3 నుంచి 4.7 దాకా మారుతుంది. ఈ రెండూ కలవనిచోట ఎలక్ట్రాన్లకు అడ్డు ఏర్పడుతుంది. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి ఎంత వచ్చినా తూచే కాంటాలు నాలుగే ఉంటే బండ్లు గేటు బయటి దాకా నిలిచిపోయినట్లు, ఎలక్ట్రాన్లు ఆ అడ్డు ముందు పోగుపడతాయి. పోగుపడిన ఆవేశం ఘటం లోపలి విద్యుత్ క్షేత్రాన్ని బలహీనపరుస్తుంది, వోల్టేజ్ పెరిగేకొద్దీ కరెంట్ ముందుగానే పడిపోతుంది. మీకు కనిపిస్తున్న ఎస్ వంపు అదే.

పీఎఫ్ఎన్-బీఆర్ ఆ అడ్డును తగ్గించే తీరు దాని పక్క గొలుసుల్లో ఉంది. ఫ్లూరీన్ (ఫ్లోరిన్ మూలకం కాదు, కార్బన్ వలయాల సమూహం) వలయాలతో కట్టిన వెన్నెముకకు రెండు పక్కలా అమ్మోనియం ధనావేశాలు, వాటికి జతగా బ్రోమైడ్ అయాన్లు ఉంటాయి. లోహం పక్కన ఇవి ఒక వరుసలో సర్దుకుని అతి సన్నని ద్విధ్రువ పొరగా ఏర్పడి లోహపు పని ప్రమేయాన్ని కిందికి లాగుతాయి. పొర చేయాల్సిన మొదటి పని ఇది. తప్పు దిశలో వచ్చే రంధ్రాలను లోహం దాకా పోనీయకుండా ఆపడం రెండవది. వోల్టేజ్ నిలబడేది దీనివల్లనే. ఈ రెండు పనులకూ సరిహద్దును నిండుగా కప్పే సన్నని పొర చాలు. అంతకు మించిన పదార్థమంతా ఎలక్ట్రాన్ల దారికి అడ్డమే, ఎందుకంటే పీఎఫ్ఎన్-బీఆర్ స్వయంగా మంచి వాహకం కాదు, అది పలుచగా ఉన్నప్పుడు మాత్రమే ఎలక్ట్రాన్లు దాన్ని సొరంగంలా దాటగలవు. సుమారు 5 నానోమీటర్ల దగ్గర ఇది బాగా పనిచేస్తుంది, 10 దాటితే సిరీస్ నిరోధం (కరెంట్ దారిలోని నిరోధం) పెరిగి ఫిల్ ఫ్యాక్టర్ కూలిపోతుంది. మీరు గాఢత పెంచినప్పుడు వంపు ఎక్కువ కావడంలో వింత లేదు. మిథనాల్‌లో మిల్లీలీటరుకు అర మిల్లీగ్రాము కలిపి, నిమిషానికి 3000 చుట్ల వేగంతో అర నిమిషం తిప్పితే సాధారణంగా ఆ మందం వస్తుంది. మీరు వాడింది దానికి నాలుగింతలు.

ఇంత చిన్న మార్పుకు అంత ఫలితం ఉంటుందా అనే అనుమానం ఉంటే ఒక పాత ఉదాహరణ చూడండి. పీటీబీ7 అనే పాలిమర్‌ను ఫుల్లెరీన్‌తో (బంతి ఆకారపు కార్బన్ అణువు) కలిపి చేసిన ఘటం 2010లో సుమారు 7.4 శాతం ఇచ్చింది. అదే జంటకు దక్షిణ చైనా సాంకేతిక విశ్వవిద్యాలయంలోని యోంగ్ కావ్ బృందం నిర్మాణాన్ని తలకిందులు చేసి, ఐటీఓ మీద పీఎఫ్ఎన్ పలుచని పొర వేసి 2012లో 9.2 శాతం చూపింది. కాంతిని గ్రహించే పదార్థం మారలేదు. నిర్మాణం తిరగబడినప్పుడు ఘటంలో కాంతి పంపిణీ కూడా మారింది కాబట్టి పెరుగుదల మొత్తాన్ని పీఎఫ్ఎన్ ఖాతాలో వేయకూడదు, కానీ ఎలక్ట్రోడ్ పక్కన జరిగే పనికి ఎంత విలువ ఉందో అది చూపించింది.

ఇక మీరు చేయాల్సిన ప్రయోగం. దీన్ని నేను అన్నిటికంటే ముఖ్యమైనదిగా భావిస్తున్నాను, దీన్ని వదిలేసిన ప్రచురణలు కూడా తక్కువేం లేవు. పీఎఫ్ఎన్-బీఆర్ వేసిన ఘటాన్ని ఏ పొరా వేయని ఘటంతో మాత్రమే పోల్చితే ఏమీ రుజువు కాదు, ఎందుకంటే మిథనాల్ ఒక్కటే మిశ్రమపు ఉపరితలాన్ని మారుస్తుంది. మిగిలిపోయిన సంకలిత ద్రావణిని కడిగేస్తుంది, పై పొరలోని దాత, గ్రహీతల అమరికను సర్దుతుంది, కొన్ని మిశ్రమాల్లో ఏ పాలిమరూ లేకుండానే వోల్టేజ్‌ను, ఫిల్ ఫ్యాక్టర్‌ను పెంచుతుంది. కాబట్టి ఒకే రోజు, ఒకే పెడాట్ సీసాతో, ఒకే మిశ్రమ ద్రావణంతో మూడు రకాల ఘటాలు చేయండి: పైన ఏమీ వేయనివి, వట్టి మిథనాల్ పోసి తిప్పినవి, పీఎఫ్ఎన్-బీఆర్ వేసినవి. మూడవదానిలో గాఢతను 0.25, 0.5, 1, 2 మిల్లీగ్రాములుగా మార్చండి. వట్టి మిథనాల్ ఘటానికీ పాలిమర్ ఘటానికీ మధ్య ఉన్న తేడా ఒక్కటే మీ మధ్యపొర చేసిన మేలు. ఇంత పలుచని పొర మందాన్ని ప్రొఫైలోమీటర్‌తో నమ్మకంగా కొలవలేరు. అందుబాటులో ఉంటే ఎలిప్సోమీటర్‌తో (పరావర్తన కాంతితో మందం కొలిచేది), లేదా పొరను గీరి ఏఎఫ్ఎంతో (సూది మొనతో ఉపరితలాన్ని తడిమే సూక్ష్మదర్శిని) చూడండి. పని ప్రమేయం నిజంగా తగ్గిందో లేదో కెల్విన్ ప్రోబ్ చెబుతుంది.

వక్రరేఖను చదవడంలో కూడా కొంత ఓపిక కావాలి. కాంతి లేకుండా తీసిన రేఖలో ముందు దిశలో అధిక వోల్టేజ్ వద్ద వాలు తక్కువగా ఉంటే సిరీస్ నిరోధం ఎక్కువ ఉందని, వెనుక దిశలో కరెంట్ ఎక్కువ కారితే లీకేజీ ఉందని అర్థం. అదే ఘటాన్ని పదో వంతు కాంతిలో కొలవండి. తక్కువ కాంతిలో ఫిల్ ఫ్యాక్టర్ పెరిగితే దోషం సిరీస్ నిరోధానిది, తగ్గితే లీకేజీది. ఇంకొక కొలత చాలామంది చేయరు గానీ మధ్యపొరల విషయంలో అది బంగారంలాంటిది. కాంతి తీవ్రతను మారుస్తూ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్‌ను కొలిచి, తీవ్రత సహజ సంవర్గమానానికి ఎదురుగా గీస్తే, గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 26 మిల్లీవోల్టుల వాలు రావాలి. దానికంటే ఎక్కువ వస్తే మిశ్రమం లోపల ట్రాపుల (ఆవేశాలు చిక్కుకునే లోపాల) ద్వారా పునస్సంయోగం, అంటే ఎలక్ట్రాన్, రంధ్రం మళ్లీ కలిసి నశించడం, జరుగుతోందన్నమాట. దానికంటే తక్కువ వస్తే ఆవేశాలు ఎలక్ట్రోడ్ ఉపరితలం వద్దే చనిపోతున్నాయి, అంటే మీ మధ్యపొర రంధ్రాలను ఆపలేకపోతోంది. మీ వోల్టేజ్ 0.83కు బదులు 0.81 దగ్గర ఆగడానికి కారణం ఈ కొలతలో దొరకవచ్చు.

వానకాలం సంగతికి వద్దాం. వరంగల్‌లో ఎండకాలం గాలి పొడిగా ఉన్నప్పుడు పనిచేసిన పద్ధతి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అలాగే పనిచేస్తుందనుకోవద్దు. ఇక్కడ తేమ రెండు చోట్ల దెబ్బ తీస్తుంది. మొదటిది పెడాట్-పీఎస్ఎస్. అందులోని పీఎస్ఎస్ బలమైన ఆమ్లం, పైగా నీటిని పీల్చుకునే గుణం గలది. తడిసిన ఆమ్లం ఐటీఓను తినేస్తుంది, అందులోని ఇండియం మెల్లగా పైకి చేరుతుంది. 150 డిగ్రీల వద్ద పదిహేను నిమిషాలు వేడిచేశాక పలకలను బల్ల మీద చల్లారనిచ్చి గ్లోవ్ బాక్స్‌లోకి (నైట్రోజన్ నింపిన మూసిన పెట్టె) పంపితే, చల్లారే ఆ కాసేపట్లోనే పొర మళ్లీ తేమ పట్టేస్తుంది. వేడిగా ఉండగానే లోపలికి పంపి, లోపలి హాట్ ప్లేట్ మీద ఇంకొక ఐదారు నిమిషాలు ఉంచండి. పలక అంచున కాంటాక్ట్ కోసం పెడాట్‌ను తడి దూది పుల్లతో తుడిచేటప్పుడు నీరు లోపలికి పాకకుండా చూడండి. క్రియాశీల వైశాల్యానికి దగ్గరగా పాకిన ఒక్క తడి గీత ఆ పిక్సెల్‌ను పాడుచేస్తుంది.

రెండవది మిథనాల్. పీఎఫ్ఎన్-బీఆర్‌ను గ్లోవ్ బాక్స్ బయట తిప్పుతున్నారని మీరు రాసినదాన్ని బట్టి అర్థమైంది. మిథనాల్ క్షణాల్లో ఆవిరవుతూ పలకను చల్లబరుస్తుంది, ముసురు పట్టిన రోజున ఆ చల్లని పలక మీద గాలిలోని తేమ కంటికి కనిపించనంత సన్నటి మంచులా పేరుకుంటుంది. పీఎఫ్ఎన్-బీఆర్ ఆ నీటి చుక్కల చుట్టూ గుమిగూడి మిగతా చోట్ల ఖాళీ వదిలేస్తుంది. తిప్పడం ఆగగానే పలకను దీపానికి ఏటవాలుగా పట్టి చూడండి. బాగా పరుచుకున్న పొర ఉందో లేదో తెలియనట్లు ఒకే రంగులో మెరుస్తుంది. తేమ తగిలిన పలక మీద మధ్యలో చిన్న చిన్న వలయాలు, అంచు వైపు తోకచుక్కల్లాంటి గీతలు కనిపిస్తాయి. అలాంటి పలకకు వెండి వేయడం వృథా. కొత్తగా తెరిచిన, నీరు లేని మిథనాల్ వాడి ఈ పనిని నైట్రోజన్‌లో చేయండి. అది వీలుకాని పక్షంలో తేమను కొలిచే చిన్న పరికరాన్ని స్పిన్ కోటర్ పక్కన పెట్టి, ప్రతి బ్యాచ్‌కు ఆ అంకెను నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒకే రోజు ఘటాల మధ్య పొంతన లేకపోవడానికి కారణం ఆ అంకెల్లోనే బయటపడే అవకాశం ఎక్కువ.

వెండిని ఆవిరి రూపంలో వేసేటప్పుడు మొదటి పది నానోమీటర్లను చాలా నెమ్మదిగా వేయండి. వేడి లోహపు పరమాణువులు వేగంగా వచ్చి పడితే 5 నానోమీటర్ల మెత్తటి పాలిమర్‌ను చీల్చుకుని లోపలికి దిగిపోతాయి.

ఇప్పుడు పీఈఐఈ గురించి. మీరు చదివింది 2012లో సైన్స్ పత్రికలో జార్జియా టెక్ బృందం ప్రచురించిన పద్ధతి. పీఈఐ, పీఈఐఈ లాంటి అమీన్ పాలిమర్‌ను పలుచగా పూస్తే దాదాపు ఏ ఎలక్ట్రోడ్ పని ప్రమేయమైనా బాగా తగ్గుతుందని వారు చూపించారు. ఖరీదు తక్కువ, గాలిలోనే వేయవచ్చు, పద్ధతి తేలిక. ఆ రోజుల్లో గ్రహీత పదార్థం ఫుల్లెరీన్. ఇప్పుడు మీరు వాడుతున్న వై6, అంతకుముందు 2015లో వచ్చిన ఐటీఐసీ, వీటి అణువుల్లో మధ్య భాగాన్నీ చివరి సమూహాలనూ కలిపేది ఒక ద్విబంధం. చివరి సమూహాలు ఎలక్ట్రాన్లను బలంగా లాక్కునేవి కావడంతో ఆ ద్విబంధం ఎలక్ట్రాన్ల కొరతతో ఉంటుంది, పీఈఐలోని అమీన్ నత్రజని మీది ఒంటరి ఎలక్ట్రాన్ జంట నేరుగా దాని మీద దాడి చేస్తుంది. గ్రహీత ద్రావణంలో కొద్దిగా పీఈఐ కలిపి చూస్తే రంగు వెలిసిపోవడం కంటితోనే కనిపిస్తుంది. ఆ చర్యే మీ ఘటంలో సరిహద్దు దగ్గర జరిగితే గ్రహీత అణువులు అక్కడ విరిగి కొత్త అడ్డు తయారవుతుంది. పీఎఫ్ఎన్-బీఆర్‌లో నత్రజనికి నాలుగు బంధాలు పూర్తయి ఒంటరి జంట మిగలదు కాబట్టి ఆ బెడద బాగా తక్కువ. పాత పద్ధతిని కొత్త పదార్థానికి వాడేముందు ఇలాంటి రసాయనాన్ని కాగితం మీద గీసి చూసుకోవాలి. పీఈఐని జింక్ అయాన్లతో బంధించి నత్రజని జంటను కట్టిపడేసే పద్ధతులు వచ్చాయి. తలకిందులు నిర్మాణమే కావాలంటే వాటిని పరిశీలించండి.

తలకిందులు నిర్మాణంలో ఎలక్ట్రాన్ల వైపు వాడే జింక్ ఆక్సైడ్ సంగతీ అడుగుతారనుకుంటాను. అది ఎలక్ట్రాన్లను బాగా తీసుకుంటుంది, కానీ అతినీల లోహిత కాంతి పడినప్పుడు ఉత్ప్రేరకంగా మారి పక్కనున్న గ్రహీత అణువులను విరగ్గొడుతుంది. మన ఎండలో ఆ కాంతికి కొదవ లేదు.

చిన్న ఘటాలు దాటి బ్లేడుతో పెద్ద పలకల మీద పూసే ఉద్దేశం ఉంటే, 5 నానోమీటర్ల మందాన్ని అంత విస్తీర్ణంలో ఒకే తీరుగా ఉంచడం ఆచరణలో చాలా కష్టం. అక్కడ మందాన్ని తట్టుకునే పదార్థాలు కావాలి. నాఫ్తలీన్ డైఇమైడ్ వెన్నెముక ఉన్న పీఎన్‌డీఐటీ-ఎఫ్3ఎన్ లాంటి పాలిమర్లు తమకు తామే డోప్ అయి (అదనపు ఎలక్ట్రాన్లను పొంది) ఎలక్ట్రాన్లను మోయగలవు, అందుకే పదుల నానోమీటర్ల మందంలోనూ పనిచేస్తాయి. పీడీఐఎన్ఓ, పీడీఐఎన్ఎన్ కూడా ఇదే అవసరానికి వచ్చాయి, అయితే అవి పాలిమర్లు కావు, చిన్న అణువులు. ఐటీఓ వైపు పెడాట్‌కు బదులు 2-పీఏసీజెడ్ లాంటి ఏకాణు పొరను (ఒక్క అణువు మందపు పొర) వేస్తే ఆమ్లం బెడద పోవడమే కాక పెడాట్ మింగే కాంతి కూడా మిగులుతుంది. వానకాలం ఇబ్బంది మీకు తగ్గకపోతే ఈ మార్పు ప్రయత్నించదగినదని నా అభిప్రాయం, కానీ ఎలక్ట్రాన్ వైపు సమస్య తేలాకే. రెండు వైపులా ఒకేసారి మారిస్తే ఏది దేనివల్ల జరిగిందో చెప్పలేరు.

కొలతల విషయంలో ఒక గట్టి మాట చెప్పాలి. ఘటం వైశాల్యాన్ని లోహపు పట్టీల కూడలిని బట్టి లెక్కించకండి. అంచుల నుంచి కూడా కరెంట్ చేరి దక్షత ఎక్కువగా కనిపిస్తుంది. కాంతిని లోపలికి వదిలే కన్నం వైశాల్యం కచ్చితంగా తెలిసిన మాస్క్ పెట్టండి. ఎండను అనుకరించే సిమ్యులేటర్ దీపాన్ని వెలిగించిన వెంటనే కాక స్థిరపడ్డాక, ప్రామాణిక సిలికాన్ ఘటంతో చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్లకు సరిచూసుకుని మొదలుపెట్టండి. క్వాంటమ్ దక్షత వర్ణపటం (ఒక్కో రంగు కాంతికి ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తున్నాయో చూపేది) నుంచి లెక్కించిన కరెంట్‌కూ సిమ్యులేటర్ కింద కొలిచిన కరెంట్‌కూ 5 శాతానికి మించి తేడా ఉంటే మీ 24.6 అంకెను కూడా నమ్మడానికి లేదు.

చివరగా మీరు పక్కమాటగా అడిగిన విషయం: రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద 2022 నుంచి పూర్తిస్థాయిలో నడుస్తున్న 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం లాంటి చోట్ల ఈ ఘటాలు సిలికాన్‌ను తప్పిస్తాయా? ఆ పోటీకి ఇవి ఇప్పుడు సిద్ధంగా లేవు. ప్రయోగశాలలో 20 శాతం దాకా చేరినా, మండే ఎండలో ఏళ్ల తరబడి నిలబడటం ఇంకా తేలాల్సిన విషయం. బరువు మోయలేని పైకప్పులు, కాంతిని కొంత లోపలికి వదలాల్సిన పాలీహౌస్‌లు, గదిలోని దీపాల వెలుగుతో నడిచే సెన్సర్లు వీటికి తగిన చోట్లు. మే నెలలో మన దగ్గర డాబా మీది పలక వేడి 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో మధ్యపొర పక్కనున్న మిశ్రమంలోకి కలిసిపోతుందా అన్నది మీరు ఇక్కడే పరీక్షించగల ప్రశ్న. ఐసోస్ నియమావళి (ఘటాల మన్నిక పరీక్షలకు పరిశోధకులు ఒప్పుకున్న పద్ధతులు) ప్రకారం చీకటిలో నిల్వ ఉంచినవి, వేడిలో ఉంచినవి, కాంతిలో ఉంచినవి వేర్వేరుగా కొలిచి, అత్యుత్తమ ఘటం అంకెతో పాటు బ్యాచ్ సగటునూ, తేడాల వ్యాప్తినీ థీసిస్‌లో ఇవ్వండి.

ముందు మాత్రం ఆ మూడు రకాల ఘటాల శ్రేణిని పూర్తి చేయండి. చీకటి రేఖ, పూర్తి కాంతి రేఖ, పదో వంతు కాంతి రేఖ, ఆ రోజు తేమ అంకెతో కలిపి పంపితే, అప్పుడు కూడా వంపు మిగిలి ఉన్న పక్షంలో అది వెండి వైపుదా పెడాట్ వైపుదా అన్నది రేఖలను చూసి చెబుతాను.